భద్రపరచిన జీవ నమూనాలతో విమాన ప్రయాణం: ఏ రూపంలో, ఏ సంచిలో, ఏ పత్రాలతో?

సీసాలో భద్రపరచిన కప్పను, పెట్టెలో గుచ్చిన సీతాకోకచిలుకను, తేమను పీల్చుకునే సిలికా జెల్‌లో ఎండబెట్టిన ఆకుముక్కను విమానంలో వెంట తీసుకెళ్లవలసి వచ్చినప్పుడు చాలామంది అడిగే మొదటి ప్రశ్న, ఆల్కహాల్‌ను అనుమతిస్తారా లేదా అన్నది. అది సగం ప్రశ్న మాత్రమే. విమానాశ్రయంలో నమూనాను రెండు వేర్వేరు దృష్టులతో చూస్తారు. విమాన భద్రతను చూసే వారికి ఆ జీవి ఏమిటన్నది దాదాపు పట్టదు. అది మునిగి ఉన్న ద్రవం మండుతుందా, ఒలుకుతుందా, ఎంత ఉంది అన్నదే వారి విచారణ. సరిహద్దు దగ్గర కస్టమ్స్, వన్యప్రాణి, క్వారంటైన్ అధికారులకు ద్రవంతో అంతగా పని లేదు. ఆ జీవి ఏ జాతిది, ఎక్కడ సేకరించారు, ఎవరి అనుమతితో బయటికి తెచ్చారు అన్నదే వారు అడుగుతారు. ఒకరిచ్చిన అంగీకారం రెండోవారి దగ్గర చెల్లదు. 20 మిల్లీలీటర్ల ఆల్కహాల్‌లో ఉన్న చిన్న కప్ప నిబంధనల ప్రకారమే విమానమెక్కి, దిగిన చోట జప్తు కావచ్చు.

ఎంపిక చేసుకునేటప్పుడు ఇంకొక తేడాను మనసులో ఉంచుకోవాలి. నమూనా దశాబ్దాల పాటు అల్మారాలో ఉండటానికి కావలసిన స్థితి వేరు, రెండు రోజులు ప్రయాణించటానికి కావలసిన స్థితి వేరు. మ్యూజియంలో ఆల్కహాల్ నిండిన సీసాలో ఉండవలసిన చేప, ప్రయాణంలో ఆల్కహాల్‌తో తడిసిన గుడ్డలో చుట్టి ఉన్నా చెడిపోదు. నిల్వ సీసాను ఉన్నదున్నట్టు సూట్‌కేసులో పెట్టాలని చూడటం వల్లనే చాలా చిక్కులు వస్తాయి. ప్రయాణం కోసం ద్రవాన్ని వీలైనంత తగ్గించి, గమ్యం చేరాక మళ్లీ నింపుకోవటమే ఈ వ్యాసంలో నేను పదే పదే సూచించబోయే మార్గం.

ఆల్కహాల్‌లో ఉన్న నమూనాలు

70 శాతం ఇథనాల్ సాధారణ గది ఉష్ణోగ్రత కంటే తక్కువ వేడిలోనే నిప్పంటుకునేంత ఆవిరిని వదులుతుంది. అందువల్ల అది మండే ద్రవాల తరగతిలోకి వస్తుంది, మామూలుగా ప్రయాణికుల లగేజీలోకి దాన్ని రానివ్వరు. అయితే అంతర్జాతీయ విమాన రవాణా సంఘమైన ఐఏటీఏ ఏటేటా ప్రచురించే ప్రమాదకర వస్తువుల నిబంధనలలో పరిశోధకుల కోసం ప్రత్యేకమైన వెసులుబాటు ఒకటి ఉంది. దాని సంఖ్య ఏ180. క్షీరదాలు, పక్షులు, ఉభయచరాలు, సరీసృపాలు, చేపలు, కీటకాలు, ఇతర అకశేరుకాలు వంటి, రోగాలు వ్యాపింపజేయని నమూనాలను కొద్దిపాటి ఇథనాల్ లేదా ఐసోప్రొపనాల్ వంటి ద్రవంతో ఈ నియమం కింద క్యాబిన్ బ్యాగులోను, చెక్-ఇన్ లగేజీలోను తీసుకెళ్లవచ్చు. నిబంధన చెప్పిన తీరులో ప్యాక్ చేసి ఉన్నంతవరకు విమానయాన సంస్థ ముందస్తు ఆమోదం తప్పనిసరి కాదు.

ఆ తీరు రెండు రకాలు, మొదట ఎంచుకోవలసింది వీటి మధ్యనే. మొదటి పద్ధతిలో నమూనాను ఆల్కహాల్‌తో తడిపిన కాగితపు తువ్వాలులోనో పలుచని నూలుగుడ్డలోనో చుట్టి, ప్లాస్టిక్ సంచిలో పెట్టి, సంచి మూతిని వేడితో అతికించాలి. సంచిలో విడిగా కదలాడే ద్రవం 30 మిల్లీలీటర్లకు మించకూడదు. రెండో పద్ధతిలో నమూనాను చిన్న సీసా అయిన వయల్‌లోనో మరొక గట్టి పాత్రలోనో ఉంచవచ్చు, కాని ఒక్కొక్క దానిలో ఆల్కహాల్ 30 మిల్లీలీటర్లు దాటకూడదు, ఆ వయల్‌ను కూడా వేడితో అతికించిన ప్లాస్టిక్ సంచిలో పెట్టాలి. ఇక్కడి నుంచి రెండు పద్ధతులకూ దారి ఒకటే. అలా మూసిన సంచిని ద్రవాన్ని పీల్చుకునే పదార్థంతో పాటు మరొక సంచిలో ఉంచి, దాన్నీ వేడితో అతికించి, అదరకుండా మెత్తని ఒత్తు వేసిన గట్టి పెట్టెలో అమర్చాలి. ఒక పెట్టెలో మొత్తం మండే ద్రవం 1 లీటరు దాటకూడదు. పెట్టె మీద, ఇవి శాస్త్ర పరిశోధన నమూనాలనీ, ప్రత్యేక నియమం ఏ180 వర్తిస్తుంది గనుక నిషేధం లేదనీ ఇంగ్లీషులో రాయాలి. "సైంటిఫిక్ రీసెర్చ్ స్పెసిమెన్స్, నాట్ రిస్ట్రిక్టెడ్, స్పెషల్ ప్రొవిజన్ ఏ180 అప్లైస్" అన్నది నిబంధనలో ఉన్న మాట, దాన్ని సొంత మాటల్లోకి మార్చకుండా అలాగే రాయటం మంచిది.

చేపలు, కప్పలు, బల్లులు, పాములు, గబ్బిలాల వంటి, కుళ్లకుండా రసాయనంతో బాగా స్థిరపరచి కొంత గట్టిపడిన శరీరాలకు గుడ్డచుట్టు పద్ధతే మేలు. బరువు తగ్గుతుంది, గాజు పగిలే భయం ఉండదు, ఒకే పెట్టెలో ఎక్కువ నమూనాలు పడతాయి. చిట్లే అవకాశమున్న రెక్కలు, కాళ్లు, స్పర్శశృంగాలు గల చిన్న కీటకాలకు, సాలీళ్లకు, మెత్తని డింభకాలకు, జలచరాల గుడ్లకు ఈ పద్ధతి పనికిరాదు. గుడ్డ పోగులకు కాళ్లు చిక్కుకుని ఊడిపోతాయి. వీటికి వయల్ తప్పదు. వయల్‌లో గాలి ఎంత తక్కువ ఉంటే అంత మంచిది, ఎందుకంటే లోపల కదలాడే గాలిబుడగే నమూనాను అటూ ఇటూ కొట్టి విరగ్గొడుతుంది. నమూనా పైన కొద్దిగా దూదిని ఆల్కహాల్‌లో తడిపి మెల్లగా దింపితే ఆ బుడగ పైనే ఆగిపోతుంది.

జిప్ మూతి సంచులు సరిపోతాయా అన్న సందేహం చాలామందికి కలుగుతుంది. నిబంధన కోరింది వేడితో అతికించిన మూతిని. అరచేతిలో ఇమిడే హీట్ సీలర్ చౌకగానే దొరుకుతుంది కనుక ఇక్కడ రాజీ పడటంలో నాకు అర్థం కనిపించదు. తనిఖీ అధికారి సంచిని తలకిందులు చేసి చూసినా చుక్క కారదన్న నిబ్బరం జిప్ సంచితో రాదు.

మద్యం మీద ఉన్న మినహాయింపును నమూనాలకు వాడుకోవచ్చుననే అపోహ కూడా ఉంది. 24 శాతం కంటే ఎక్కువ, 70 శాతానికి మించని మద్య పానీయాలను మనిషికి 5 లీటర్ల వరకు అనుమతించేది దుకాణంలో అమ్మే మూత తీయని సీసాలకు మాత్రమే. ప్రయోగశాల ఆల్కహాల్‌కు, అందులో మునిగిన పేడపురుగుకు అది వర్తించదు. ఆల్కహాల్‌ను 24 శాతానికి దించితే మండే ద్రవాల నిబంధన నుంచి తప్పించుకోవచ్చునన్నది నిజమే, కాని అంత పలుచని ద్రావణంలో కణజాలం ఉబ్బి మెత్తబడుతుంది, డీఎన్ఏ కూడా దెబ్బతింటుంది. ఏ180 వంటి సులువైన మార్గం ఉండగా ఆ పని చేయనక్కర లేదు.

ఫార్మలిన్: అనుమతి ఉన్నా వద్దనవలసినది

ఫార్మలిన్ విషయంలో అంకెలు మోసం చేస్తాయి. ప్రయోగశాలల్లో 10 శాతం ఫార్మలిన్ అని పిలిచే ద్రావణంలో ఫార్మాల్డిహైడ్ ఉండేది సుమారు 4 శాతమే, ఎందుకంటే అది దాదాపు 37 శాతం ఫార్మాల్డిహైడ్ గల గాఢ ద్రావణాన్ని పదింతలకు పలుచన చేసినది. విమాన రవాణా నియమాల ప్రకారం 10 శాతం కంటే తక్కువ ఫార్మాల్డిహైడ్ ఉన్న ద్రావణం ప్రమాదకర వస్తువుగా లెక్కకు రాదు. 10 నుంచి 25 శాతం లోపు ఉన్నది నియంత్రిత ద్రవం, 25 శాతం, ఆపైన ఉన్నది తినివేసే గుణమున్న పదార్థం. అంటే కాగితం మీద చూస్తే, పలుచని ఫార్మలిన్‌కు ఆల్కహాల్ కంటే తక్కువ అడ్డంకులున్నాయి.

అయినా దాన్ని ద్రవంగా లగేజీలో పెట్టవద్దనే నా సలహా. మూత కొంచెం వదులైనా ఆ ఘాటు కళ్లను, గొంతును మండిస్తుంది. మనుషులలో క్యాన్సర్‌ కలిగించే పదార్థాల జాబితాలో అది ఉంది. మూసి ఉన్న క్యాబిన్‌లో ఆ వాసన బయటపడితే శాతాల లెక్క వినే ఓపిక ఎవరికీ ఉండదు. పైగా ఫార్మలిన్ పని నమూనాను స్థిరపరచటం వరకే. ఆ పని పూర్తయ్యాక నీటిలో బాగా కడిగి, 70 శాతం ఇథనాల్‌లోకి క్రమంగా మార్చి, ఏ180 ప్రకారం చుట్టి తీసుకెళ్లటం అన్ని విధాలా మేలు. అంత సమయం లేకపోతే, పూర్తిగా స్థిరపడిన నమూనాను కడిగి, కేవలం నీటితో తడిపిన గుడ్డలో చుట్టి గాలి చొరబడకుండా మూసినా కొన్ని రోజుల ప్రయాణానికి తట్టుకుంటుంది. పూర్తిగా స్థిరపడిన అన్న మాట ఇక్కడ ముఖ్యం. పెద్ద జంతువు పొట్టలోకి ద్రావణం ఎక్కకపోతే, బయట గట్టిగా ఉన్నా లోపల కుళ్లుతుంది.

మండని ద్రవాలు

అవసరం డీఎన్ఏ లేదా ఆర్ఎన్ఏ మాత్రమే అయితే, శరీరమంతా మోసుకెళ్లటం అనవసరం. చిన్న కణజాలపు ముక్కను ఆర్ఎన్ఏలేటర్ వంటి ద్రావణంలో ఉంచవచ్చు. దాని బలమంతా గాఢమైన అమోనియం సల్ఫేట్‌లో ఉంది, అది మండదు. డీఎంఎస్ఓ, ఈడీటీఏ అనే రసాయనాలు, సంతృప్త ఉప్పునీరు కలిపిన డెస్ ద్రావణం గది ఉష్ణోగ్రతలోనే డీఎన్ఏను చాలాకాలం నిలుపుతుంది, నులిపురుగుల వంటి వాటి ఆకారాన్ని సైతం కాపాడుతుంది. ఈ ద్రావణాలకు ఏ180 అవసరం పడదు. క్యాబిన్‌లోకి తీసుకెళితే మాత్రం చాలా విమానాశ్రయాల్లో అమలులో ఉన్న 100 మిల్లీలీటర్ల పరిమితి, ద్రవాలన్నీ 1 లీటరు పారదర్శక సంచిలో ఉండాలన్న నియమం వీటికి వర్తిస్తాయి.

ఆకారమే ముఖ్యమైనప్పుడు, ముందే స్థిరపరచిన నమూనాలను గ్లిసరిన్‌లోకో ప్రొపిలీన్ గ్లైకాల్‌లోకో తాత్కాలికంగా మార్చే పద్ధతి కూడా వాడుకలో ఉంది. ఇవి మండే ద్రవాల తరగతిలోకి రావు. ఒక్కటే జాగ్రత్త ఏమిటంటే, ఆల్కహాల్ నుంచి చిక్కని గ్లిసరిన్‌లోకి ఒక్కసారిగా మారిస్తే మెత్తని శరీరాలు ముడుచుకుపోతాయి, కాబట్టి మెట్టుమెట్టుగా గాఢత పెంచాలి. నాలుగైదు వయల్స్ ఉన్నవారికి ఈ శ్రమ గిట్టుబాటు కాదు, వారికి ఏ180 చాలు.

పొడి నమూనాలు

ద్రవమే లేకపోతే విమాన భద్రత వారితో పేచీ దాదాపు ఉండదు. కనుక నమూనాను ఎండబెట్టటం వల్ల దాని శాస్త్రీయ విలువ తగ్గనంతవరకు ఎండబెట్టటమే ఉత్తమం. మొక్కల డీఎన్ఏ కోసం తాజా ఆకుముక్కను సిలికా జెల్‌లో పూడ్చి వేగంగా ఎండబెట్టే పద్ధతి 1991 నుంచి బాగా ప్రచారంలోకి వచ్చింది. ఆకు బరువుకు కనీసం పదింతల జెల్ ఉండాలని, పన్నెండు గంటల నుంచి ఒక రోజులోగా ఆకు పెళుసుగా విరిగే స్థితికి రావాలని అనుభవజ్ఞులు చెబుతారు. తేమను రంగుతో చూపే జెల్‌లలో నీలిది కోబాల్ట్ క్లోరైడ్‌తో చేసినది, అది విషపదార్థం. నారింజ రంగుది ఎంచుకుంటే ఆ బెడద ఉండదు. ఎండు మొక్కలను అంటించిన హెర్బేరియం షీట్లకు పెద్ద శత్రువు బరువు కాదు, వంపు. రెండు వైపులా గట్టి అట్టలు పెట్టి కట్టి, సూట్‌కేసు మధ్యలో బట్టల నడుమ ఉంచితే చాలు.

కీటకాల విషయంలో గుచ్చినవి, మడిచిన కాగితంలో పెట్టినవి అనే రెండు దారులున్నాయి. సీతాకోకచిలుకలను, తూనీగలను రెక్కలు పైకి మడిచి త్రికోణాకారపు గ్లాసిన్ (నున్నని పలుచని కాగితం) కవర్లలో పెట్టి తీసుకెళ్లి, గమ్యంలో తేమ పట్టించి మెత్తబరచి గుచ్చుకోవటం ఎప్పటినుంచో ఉన్న పద్ధతి. అరచేతి మందం పెట్టెలో వంద కవర్లు పడతాయి, ఒకటి చెడినా పక్కది చెడదు. గుచ్చిన పెట్టెలో ఒక్క సూది ఊడినా అది దొర్లుతూ మిగిలిన వాటన్నిటినీ విరగ్గొడుతుంది. అందువల్ల బరువైన పురుగులకు పక్కన అడ్డసూదులు గుచ్చి, ఆ పెట్టెను దానికంటే పెద్ద పెట్టెలో మెత్తని పదార్థం మధ్య పెట్టి మాత్రమే తీసుకెళ్లాలి. కొత్తగా సేకరించినవైతే కవర్లు, ఇప్పటికే గుచ్చి లేబుళ్లు కట్టినవైతే రెండు పెట్టెల పద్ధతి, ఇదీ నా తీర్పు.

ఇక్కడ చాలామంది మరిచే వస్తువు కలరా ఉండలు. పెట్టె మూలలో పురుగు పట్టకుండా పెట్టే నాఫ్తలీన్ మండే ఘనపదార్థాల తరగతిలోనిది, కాబట్టి ప్రయాణానికి ముందు దాన్ని తీసివేయాలి. అలాగే పురుగులను చంపే సీసా, అందులోని ఇథైల్ ఎసిటేట్, క్లోరోఫాం వంటివి ఏ సంచిలోనూ ఉండకూడదు. ఏ180 నమూనాలకు వర్తించేదే గాని సేకరణ సామగ్రికి కాదు. మిగిలిపోయిన ఆల్కహాల్ డబ్బాకు కూడా ఇదే మాట వర్తిస్తుంది, దాన్ని అక్కడే ఎవరికైనా ఇచ్చి రావాలి. స్కాల్పెల్ బ్లేడ్లు, పదునైన కత్తెరలు, ఫోర్సెప్స్ చెక్-ఇన్ లగేజీలోకి వెళ్లాలి.

తరగతిగదిలో చూపటానికి పనికివచ్చే రెసిన్ దిమ్మలు, ప్లాస్టినేషన్ చేసిన (నీటి బదులు ప్లాస్టిక్ ఎక్కించిన) అవయవాలు, సూక్ష్మదర్శిని స్లైడ్లు ప్రయాణానికి అన్నిటికంటే సులువైనవి. రోగులు మరొక ఆసుపత్రిలో రెండో అభిప్రాయం కోసం తీసుకెళ్లే బయాప్సీ పారాఫిన్ దిమ్మలు (కణజాలాన్ని మైనంలో పొదిగినవి), రంగు వేసిన స్లైడ్లు కూడా ఈ కోవలోకే వస్తాయి. పారాఫిన్ అధిక వేడికి మెత్తబడుతుంది, గాజు పగులుతుంది, వాటికి రెండో ప్రతి చాలాసార్లు ఉండదు. కాబట్టి ఆసుపత్రి ఇచ్చిన లేఖతో పాటు చేతి సంచిలోనే ఉంచుకోవాలి.

చలిలో ఉంచవలసినవి

డ్రై ఐస్, అంటే గడ్డకట్టిన కార్బన్ డయాక్సైడ్, మైనస్ 78.5 డిగ్రీల సెల్సియస్ దగ్గర నేరుగా వాయువుగా మారుతుంది. ప్రయాణికుడికి 2.5 కిలోల వరకు అనుమతిస్తారు, కాని విమానయాన సంస్థ ఆమోదం ముందే తీసుకోవాలి, పెట్టె నుంచి వాయువు బయటికి పోయే వీలు ఉండాలి, చెక్-ఇన్ చేస్తే పైన డ్రై ఐస్ అని, బరువు ఎంతో రాయాలి. గాలి చొరబడని డబ్బాలో దాన్ని బిగిస్తే పెట్టె పేలే ప్రమాదముంది. ద్రవ నత్రజనిని సచ్ఛిద్ర పదార్థంలో పూర్తిగా ఇంకించిన డ్రై షిప్పర్ పాత్రలకు ప్రత్యేక నియమం ఉంది గాని, వాటిని కౌంటరు దగ్గర వివరించి ఒప్పించటం అనుభవమున్న సంస్థలకే చెల్లుతుంది. విమానం ఆలస్యమైతే, కనెక్షన్ తప్పితే, చలి తరిగిపోతూనే ఉంటుంది. ఆర్ఎన్ఏలేటర్‌తోనో, 95 శాతం ఇథనాల్‌తోనో, సిలికా జెల్‌తోనో పని జరిగేటట్లయితే చలి మార్గాన్ని ఎంచుకోకూడదు. గడ్డకట్టిన కణజాలమే కావలసిన పరిశోధనకు మాత్రమే దీన్ని ఉంచుకోవాలి.

క్యాబినా, చెక్-ఇనా, విడిగా పంపటమా?

ఏ180 క్యాబిన్, చెక్-ఇన్ రెండింటినీ అనుమతిస్తుంది కాబట్టి, ఇది నియమం కంటే వివేకానికి సంబంధించిన ప్రశ్న. క్యాబిన్‌లో పెట్టె మీ కళ్లెదుటే తెరుస్తారు, ప్రశ్న వస్తే అక్కడికక్కడే జవాబు చెప్పవచ్చు, దాన్ని ఎవరూ విసిరేయరు. అయితే తనిఖీ వరుసలో నిలబడ్డ ఉద్యోగికి ప్రమాదకర వస్తువుల పుస్తకంలోని ప్రత్యేక నియమాలు తెలిసి ఉంటాయన్న హామీ లేదు. చివరి నిర్ణయం అతనిదే, అక్కడ కాదంటే సరుకును వదులుకోవటమో, వెనక్కి వెళ్లి చెక్-ఇన్ చేయటమో తప్పదు. చెక్-ఇన్‌లో ఆ వాదన ఉండదు గాని, మీరు లేనప్పుడు పెట్టె తెరుస్తారు, సంచి తప్పిపోవచ్చు, రన్‌వే పక్కన ఎండలో గంటసేపు పడి ఉండవచ్చు.

పీడనం విషయంలో క్యాబిన్‌కు, సరుకు గదికి పెద్ద తేడా లేదు. రెండింటిలోనూ పీడనం నేలమీద ఉన్నదానిలో నాలుగింట మూడు వంతులకు కాస్త అటూ ఇటూగా పడిపోతుంది. వయల్‌లో చిక్కుకున్న గాలి వ్యాకోచించి మూత అంచుల నుంచి ద్రవాన్ని బయటికి నెడుతుంది. మంచి రబ్బరు వాషర్ ఉన్న మర మూతలు వాడి, వాటి చుట్టూ పారాఫిల్మ్ అనే సాగే మైనపు పొరను చుట్టాలి. కేవలం నొక్కి మూసే మూతలను నమ్మకూడదు.

నా ఎంపిక ఇలా ఉంటుంది. మళ్లీ దొరకనివి, పేరుపెట్టటానికి ఆధారమైన టైప్ నమూనాలు, పారాఫిన్ దిమ్మలు, డీఎన్ఏ కోసం కోసిన కణజాలాలు చేతి సంచిలో రావాలి. గుడ్డలో చుట్టిన పెద్ద శరీరాలు, హెర్బేరియం కట్టలు చెక్-ఇన్‌లోకి పోవచ్చు. ఒకే జాతివి రెండు మూడు ఉంటే వాటిని రెండు సంచుల్లోకి పంచాలి. చెక్-ఇన్ పెట్టెలో, మూత తీయగానే కనిపించేలా ఒక కాగితం పెట్టాలి. లోపల ఏమున్నాయో, ఏ ద్రవం ఎంత ఉందో, ఏ నియమం వర్తిస్తుందో అందులో రాసి ఉంటే, తనిఖీ చేసేవారికి అతికించిన సంచులను కోయవలసిన అవసరం రాదు. సంచులు పారదర్శకంగా ఉండాలనటం కూడా అందుకే.

మొత్తం ఆల్కహాల్ 1 లీటరు దాటుతున్నా, నమూనాలు పదుల కిలోల బరువున్నా వెంట తీసుకెళ్లే ఆలోచన మానుకుని, కార్గోగానో, ప్రమాదకర వస్తువులను తీసుకునే కొరియర్ ద్వారానో పంపాలి. కార్గోలో ఇథనాల్‌కు స్వల్ప పరిమాణాల మినహాయింపు ఒకటి ఉంది. ఒక్కో లోపలి పాత్రలో 30 మిల్లీలీటర్లు, బయటి పెట్టెలో 500 మిల్లీలీటర్లు దాని హద్దు. దీన్ని ఏ180తో కలగాపులగం చేయకూడదు, ఎందుకంటే ఆ మినహాయింపు కింద కట్టిన పెట్టెలు ప్రయాణికుల లగేజీలోకి రాకూడదని నిబంధనలే చెబుతున్నాయి. రోగకారక సూక్ష్మజీవులు ఉన్నాయని తెలిసిన లేదా అనుమానమున్న నమూనాలకు వెంట తీసుకెళ్లే దారే లేదు. అవి శిక్షణ పొందినవారు మూడు పొరల్లో ప్యాక్ చేసి కార్గోగా పంపవలసినవి.

జాతిని బట్టి మారే నిర్ణయం

ఇంతవరకు చెప్పినవన్నీ ద్రవానికి, పెట్టెకు సంబంధించినవి. జీవి సంగతికి వస్తే, అది చచ్చినది, ఎండినది, చిన్న ముక్క, పరిశోధన కోసం అనే మాటలేవీ వాటంతట అవే మినహాయింపు కావు. 1973లో కుదిరి 1975 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన అంతరించే ప్రమాదమున్న జీవజాతుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే సైటిస్ ఒప్పందం ప్రాణమున్న వాటికే కాక మృతదేహాలకు, వాటి భాగాలకు కూడా వర్తిస్తుంది. అందులోని మొదటి అనుబంధంలో ఉన్న జాతికి ఎగుమతి, దిగుమతి పత్రాలు రెండూ కావాలి. రెండో అనుబంధంలోని దానికి కనీసం ఎగుమతి పత్రం కావాలి. సముద్రతీరాల్లో ఏరుకునే గట్టి పగడాలన్నీ, సముద్రపు గుర్రాలన్నీ, ఆర్కిడ్ కుటుంబం యావత్తూ ఈ జాబితాల్లోనే ఉన్నాయి. పక్షి రెక్కల సీతాకోకచిలుకలని పేరుపడ్డ పెద్ద జాతులు కూడా ఉన్నాయి. జ్ఞాపికగా కొన్న ఎండు సముద్రపు గుర్రం రెసిన్ దిమ్మలో ఉన్నంత మాత్రాన నియమం సడలదు.

సైటిస్‌లోనే శాస్త్రజ్ఞులకు ఒక ద్వారం ఉంది. తమ ప్రభుత్వం దగ్గర నమోదైన శాస్త్రసంస్థల మధ్య, వ్యాపార ప్రయోజనం లేకుండా అరువుగానో, కానుకగానో, మార్పిడిగానో సాగే హెర్బేరియం షీట్లకు, భద్రపరచిన మ్యూజియం నమూనాలకు పూర్తి అనుమతి పత్రాల బదులు అధికారిక లేబుల్ సరిపోతుంది. అది సంస్థలకు దక్కే వెసులుబాటు, వ్యక్తులకు కాదు. మీ సంస్థ నమోదై ఉందో లేదో ప్రయాణానికి నెలల ముందే కనుక్కుంటే, ఎంచుకునే దారే మారిపోవచ్చు. వెంట తీసుకెళ్లటం కంటే సంస్థ పేరున అరువు పత్రంతో పంపటమే తేలిక కావచ్చు.

జాబితాలో లేని మామూలు జాతి అయినా, మూలదేశం నుంచి సేకరణ, ఎగుమతి అనుమతులు అవసరం పడవచ్చు. 2014 అక్టోబరు 12 నుంచి అమలులో ఉన్న నగోయా ఒప్పందం తరువాత, జన్యువనరుల వాడకానికి మూలదేశపు ముందస్తు సమ్మతిని చాలా దేశాలు చట్టంగా చేసుకున్నాయి. డీఎన్ఏ కోసం తెచ్చే ఆకుముక్క విమాన భద్రత వారికి ఎంత నిరపాయమో, ఈ చట్టం దృష్టిలో అంత సున్నితమైనది. మొక్కల దగ్గర మరొక మెలిక ఉంది. ఎండిన షీటు మీదే అతుక్కుని ఉన్న పండులో మొలకెత్తగల విత్తనం ఉంటే, వేళ్లకు మట్టి ఉంటే, క్వారంటైన్ అధికారికి అది భద్రపరచిన నమూనా కాదు, సజీవ పదార్థం. మట్టిని పూర్తిగా కడగాలి, విత్తనాల సంగతి దిగుమతి పత్రంలో ముందే అడగాలి.

ఈ పత్రాలన్నిటి నకళ్లు, మీ సంస్థ లెటర్‌హెడ్ మీద శాస్త్రీయ నామాలు, నమూనాల సంఖ్య, భద్రపరచిన ద్రవం పేరు, పరిమాణం, రోగకారకాలు లేవన్న మాట రాసి సంతకం చేసిన లేఖ చేతిలో ఉండాలి. దిగిన చోట అడిగేదాకా ఆగకుండా కస్టమ్స్ దగ్గర మీరే ప్రకటించాలి. పత్రాలు సరిగా ఉన్నవారు దాచిపెట్టినట్టు కనిపించటం వల్ల లాభమేమీ లేదు. దారిలో దిగి విమానం మారితే అక్కడ కూడా భద్రతా తనిఖీ మళ్లీ జరగవచ్చు. రెండు వేర్వేరు సంస్థల విమానాలైతే రెండింటిలో కఠినమైన నియమమే మీకు వర్తిస్తుందని అనుకుని సిద్ధపడాలి.

బయలుదేరే ముందు లేబుళ్లను ఒకసారి చూసుకోవాలి. ఆల్కహాల్‌లో బాల్‌పెన్ సిరా, కొన్ని ప్రింటర్ల సిరా కరిగి మాయమవుతాయి. పెన్సిల్‌తోనో, ఆల్కహాల్‌కు చెదరని సిరాతోనో రాసిన చీటీ నమూనాతో పాటే సంచి లోపల ఉండాలి, బయట అంటించినది ఊడినా పనికిరావాలి. గమ్యం చేరిన రోజునే సంచులు విప్పి, గుడ్డచుట్లు తీసి, నమూనాలను మళ్లీ 70 శాతం ఇథనాల్ నిండిన సీసాల్లోకి మార్చాలి. ప్రయాణంలో నీటి తడితో లేదా గ్లిసరిన్‌తో వచ్చినవైతే, ఆల్కహాల్ గాఢతను 30, 50, 70 శాతాలుగా మెట్టుమెట్టుగా పెంచాలి. ఒకటి రెండు వారాల తరువాత శరీరాల్లోంచి దిగిన నీటితో ద్రవం పలుచబడుతుంది కనుక దాన్ని మరొకసారి మార్చాలి.